ముందు రాట, ఆ తర్వాతే గుడ్డ

మన ఇళ్ళల్లో నీడ పంపకానికి ఒక వరస ఉంది, ఎప్పుడైనా గమనించారా? మొదటి వంతు కారుది. ఇంట్లో పాలు పొంగించకముందే దానికి రేకుల షెడ్డు పడుతుంది. తర్వాత బైకుకి కవరు. తర్వాత ఏసీ బయటి పెట్టెకి చిన్న చూరు, ఎండ తగిలితే కరెంటు బిల్లు పెరుగుతుందట. ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు కాగిపోతున్నాయని దానికీ ఒక కప్పు. ఇన్ని అయ్యాక డబ్బులు మిగిలితే, డాబా మీద మిట్టమధ్యాహ్నం వడియాలు పెట్టే మనిషి గుర్తొస్తుంది. అప్పటికి డబ్బులు మిగలవు కాబట్టి ఆ మనిషికి ఒక పాత తువ్వాలు మిగులుతుంది, నెత్తిన కప్పుకోవడానికి.

డాబా అంటే మగవాళ్ళకి సాయంత్రం చల్లగాలికి వెళ్ళే చోటు. పిల్లలకి సంక్రాంతికి పతంగుల చోటు. మనకి మాత్రం అది వంటింటికి పై అంతస్తు. బట్టలు అక్కడే, మిరపకాయలు అక్కడే, చింతపండు అక్కడే, ఏడాదికి సరిపడా పప్పులు ఎండబెట్టేదీ అక్కడే. ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టేదీ అక్కడే. ఈ పనులన్నీ చలికాలంలో పెట్టుకుందామంటే కుదరదు. ఏప్రిల్, మే నెలల్లోనే, ఎండ మండుతున్నప్పుడే చెయ్యాలి. వడియాలకి ఎండ కావాలి, నిజమే. వడియాలు పెట్టే మనిషికి నీడ కావాలి. ఈ రెండూ ఒకే డాబా మీద ఉండొచ్చు. ఒక మూల పదడుగుల నీడ చాలు.

ఆ నీడ అడగడం గొంతెమ్మ కోరిక కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. దానితో పాటు ఇంకో మాట కూడా ఉంది. అడిగితే చాలామంది ఇళ్ళల్లో ఇచ్చేది నీడ కాదు, ప్రమాదం. ఆదివారం పొద్దున నాలుగు పైపులు, ఒక పచ్చ నెట్టు, రెండు కట్టలు బైండింగ్ వైరు తెచ్చి సాయంత్రానికల్లా "నీ నీడ అయిపోయింది" అంటారు. అలాంటి నీడ ఒప్పుకోకండి.

మా అత్తమ్మ వాళ్ళది కాచిగూడ. అక్కడి పాత ఇళ్ళు ఎండ సంగతి తెలిసినవాళ్ళు కట్టినవి. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, మధ్యలో వాకిలి. వాకిట్లో పొద్దంతా ఏదో ఒక పక్క నీడ ఉండేది. ఆడవాళ్ళు పీటలు జరుపుకుంటూ ఆ నీడ వెంట వెళ్ళేవాళ్ళు. డాబా ఎక్కే పని తక్కువ. ఉస్మానియా క్యాంపస్‌లో 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ భవనంలోకి మే నెలలో అడుగుపెట్టి చూడండి, ఆ రాతి గోడల మధ్య ఎంత తేడా తెలుస్తుందో. ఆ పక్కనే తార్నాక వీధుల్లో మేం వచ్చిన కొత్తల్లో ప్రతి ఇంటి ముందూ వేపచెట్టో మామిడిచెట్టో ఉండేది. చెట్టు కూడా ఒక రాటే. వేరు భూమిలో, నీడ మన నెత్తిన. ఇళ్ళ చోట అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాకిలి పోయి, చెట్టు పోయి, మనకి డాబా మిగిలింది. నీడ ఇచ్చేవి రెండూ పోయాయి కానీ ఎండలో చేసే పని ఒక్కటీ తగ్గలేదు.

ఇప్పుడు డాబాల మీద కొత్తగా ఒకటి కనిపిస్తోంది. మూడు మూలలుగానో నాలుగు మూలలుగానో ఉండి, పడవ తెరచాపలా బిగించి కట్టే గుడ్డ. షేడ్ సెయిల్ అంటున్నారు. చూడ్డానికి బాగుంటుంది, గాలి ఆడుతుంది, రేకుల్లా కింద ఉడకపెట్టదు. నాకూ నచ్చింది. కానీ దుకాణంలో మనకి చూపించేదంతా గుడ్డే. రంగు చూపిస్తారు, ఎన్ని శాతం నీడ ఇస్తుందో చెబుతారు, యాభై, డెబ్భై అయిదు, తొంభై. దాన్ని నిలబెట్టే గుంజ గురించి అడిగితే, "అది మీ వెల్డర్ చూసుకుంటాడమ్మా" అంటారు.

మన పెద్దవాళ్ళు ఇలా చెయ్యలేదు. పెళ్ళి పందిరి సంగతే తీసుకోండి. దాంట్లో ముహూర్తం దేనికి పెట్టారు? తాటాకుకి పెట్టలేదు, మామిడి కొమ్మకి పెట్టలేదు. రాటకి పెట్టారు. గుంట తీసి, పాలు పోసి, నవధాన్యాలు వేసి, రాటకి పసుపు రాసి బొట్టు పెట్టి, ముత్తయిదువలు చెయ్యి వేస్తేగానీ పందిరి పని మొదలయ్యేది కాదు. రాట అన్నా గుంజ అన్నా, నిలబెట్టేది అదేనని వాళ్ళకి తెలుసు. మా అత్తమ్మ ఒకే మాటలో చెప్పేస్తుంది: "ఆకు ఎగిరిపోతే మళ్ళ కప్పుకోవచ్చు. గుంజ కూలితే పెండ్లే ఆగుతది."

గుడ్డ ఎండని ఆపడానికే కడతాం. కానీ గుంజ మోసేది ఎండని కాదు, గాలిని. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. "గుడ్డ బరువెంతమ్మా, రెండు కిలోలు కూడా ఉండదు, దానికంత లావు పైపెందుకు?" అంటాడు వెల్డర్. గుడ్డ బరువు రెండు కిలోలే. దాన్ని పట్టుకుని లాగే గాలి బరువెంత?

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గుడ్డ అనుకోండి. గంటకి 30 కిలోమీటర్ల గాలి దానికి ఎదురుగా నిండుగా తగిలితే దాదాపు 40 కిలోల తోపు. గాలి 60 అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, దాదాపు 160 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు ఒకేసారి గుడ్డని పట్టుకుని లాగినట్టు. జల్లెడలా రంధ్రాలున్న నెట్టుకి కొంత తగ్గుతుంది. నీళ్ళు దిగని టార్పాలిన్ పట్టాకి ఏమీ తగ్గదు. మన దేశంలో ఇంజనీర్లు కట్టడాలకి లెక్కగట్టే ప్రమాణంలో హైదరాబాద్‌కి పెట్టిన గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, గంటకి 158 కిలోమీటర్లు. ఆ గాలికి అదే గుడ్డ మీద పడేది టన్ను పైన. రోజూ వచ్చే గాలి కాదది, ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఆ ఒక్కసారి కోసమే కదా గుంజ పాతేది.

మన ఊళ్ళో ఆ గాలి ఎప్పుడొస్తుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. సరిగ్గా నీడ కావలసిన నెలల్లోనే, పొద్దంతా కాగిన రోజు సాయంత్రమే. 2024 మే 26న, ఆదివారం, అలాగే వచ్చింది. ఆ ఒక్క గాలివానకి తెలంగాణలో పదిమందికి పైగా చనిపోయారు. ఆ వేసవిలోనే మా వీధిలో ఒక డాబా మీంచి పచ్చ నెట్టు ఊడింది. ఊడినది ఒక్కటే వెళ్ళలేదు, తనకి కట్టిన పైపుని కూడా తీసుకుని కిందికి దిగింది. పైపు రోడ్డు మీద ఆగి ఉన్న స్కూటర్ సీటుని చీల్చింది. ఆ సమయానికి సీటు మీద ఎవరూ లేరు. అంతే అదృష్టం.

గుంజలు ఎక్కడ పాతాలి, ఎక్కడ పాతకూడదు? ఇది మగవాళ్ళ సంగతని పక్కకి తప్పుకోకండి. పని మొదలయ్యేటప్పుడు దగ్గరుండేది, తర్వాత కింద నిలబడేది మనమే.

పిట్టగోడకి కట్టకూడదు. అది నాలుగంగుళాల ఇటుక గోడ. పిల్లలు తొంగిచూస్తే పడిపోకుండా ఆపడానికి కట్టింది, పక్కకి లాగితే తట్టుకోవడానికి కట్టింది కాదు. గుడ్డ గోడని లాగితే గోడ లోపలికి పడినా ప్రమాదమే, ఊగి ఊగి వీధిలోకి పడితే ఇంకా పెద్ద ప్రమాదం.

సిమెంటు నింపిన పెయింటు బకెట్లలో పైపులు నిలబెట్టడం ఇంకో పద్ధతి. ఎత్తి చూస్తే నడుం పట్టేస్తుంది కాబట్టి గట్టిదనుకుంటాం. 20 లీటర్ల బకెట్ నిండా కాంక్రీటు పోస్తే 48 కిలోలు. బకెట్ వెడల్పు అడుగు, పైపు ఎత్తు ఎనిమిది అడుగులు. ఈ లెక్కన పైపు కొసని మూడు కిలోల బలంతో పక్కకి లాగితే బకెట్ ఒరుగుతుంది. మూడు కిలోలంటే ఒక కూరల సంచి. పొడవాటి పలుగుతో పెద్ద బండని తేలిగ్గా కదిలించడం చూశారు కదా, ఇక్కడ పైపే పలుగు. బకెట్ గుంజలు పొద్దున కట్టి మధ్యాహ్నం విప్పేసే పాత చీరకి సరిపోతాయి, నాలుగు వైపులా తాళ్ళు కూడా కడితే. బిగించి వదిలేసే సెయిల్‌కి పనికిరావు.

స్లాబు నడిమధ్యలో నాలుగు బోల్టులు కొట్టడం అన్నింటికంటే తేలిక, అందుకే అందరూ అదే చేస్తామంటారు. మామూలు ఇళ్ళ స్లాబు మందం నాలుగున్నర, అయిదు అంగుళాలు. డ్రిల్లు దిగగానే మొదట తెగేది పైన వేయించుకున్న వాటర్‌ప్రూఫింగ్. ఆ బెజ్జంలోంచి దిగిన వాన నీళ్ళు లోపలి ఊచలకి చేరతాయి. ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటుని పగలగొడుతుంది, పెచ్చులు ఊడతాయి. ఊడేది డాబా మీద కాదు, కింద మన వంటింటి కప్పులోంచి. కాచిగూడలాంటి చోట్ల గర్డర్ల మీద బండలు పరిచి డంగు సున్నంతో వేసిన పాత కప్పులుంటే, అసలు డ్రిల్లు దగ్గరికే రానివ్వకండి.

మరి ఎక్కడ? మన ఊళ్ళో డాబాలకి ఒక గుర్తు ఉంది. నాలుగు మూలలా పిల్లర్ల నెత్తిన ఊచలు పైకి వదిలేసి ఉంటాయి, "రేపు పిల్లలకి పై అంతస్తు వేద్దాం" అని. పిల్లలు వేరే దేశం వెళ్ళిపోయినా ఆ ఊచలు అలాగే ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. గుంజకి చోటు అదే. కింద పునాది దాకా దిగిన పిల్లర్ అది. ఆ ఊచలు మరీ తుప్పు తినకుండా ఉంటే, వాటిని కలుపుకుని ఒక కాంక్రీటు దిమ్మె కట్టించి, దాంట్లో గుంజ నిలబెట్టించుకోవచ్చు. ఊచలు లేకపోతే కింది అంతస్తులో పిల్లర్ ఎక్కడుందో చూసి సరిగ్గా దాని నెత్తినే దిమ్మె కట్టాలి. రెండు మూలలకి మెట్ల గది ఉంటే ఇంకా మంచిది, దాని కాంక్రీటు పిల్లర్లకి కొక్కేలు బిగిస్తే నాలుగు గుంజల పని రెండుతో అయిపోతుంది. ఇటుక గోడకి కాదు, పిల్లర్‌కి. పని చేయించేముందు ఒక్కసారి ఇంజనీరుకి చూపించండి. కారు కొనేముందు పదిమందిని అడుగుతాం కదా.

ఇంకో రెండు సంగతులు. గుంజలన్నీ ఒకే ఎత్తులో వద్దు. ఎదురెదురు మూలలు రెండు ఎత్తుగా, రెండు పల్లంగా ఉండాలి. చదునుగా కట్టిన పట్టాలో ఒక్క అంగుళం నీళ్ళు నిలిచినా, పదడుగుల చదరానికి 236 కిలోలు. వాన ఆగేసరికి గుడ్డ కాదు, నీళ్ళ కడవ వేలాడుతుంటుంది. రెండోది, కరెంటు తీగలు. డాబా పక్కనుంచి తీగలు వెళ్ళే వీధుల్లో పొడవాటి ఇనప పైపు పైకి చేరవేసేటప్పుడే ప్రాణాలు పోతాయి. తీగలున్న వైపు గుంజా వద్దు, ఆ వైపు నుంచి పైపు ఎక్కించడమూ వద్దు.

గుంజ చోటు ఖాయమయ్యాక నీడ ఎటు పడుతుందో చూసుకోవాలి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలబడ్డ మనిషి నీడ కాళ్ళ కిందే దాక్కుంటుంది. అప్పుడు గుడ్డ నీడ గుడ్డ కిందే. కానీ సాయంత్రం నాలుగింటికి? ఎనిమిదడుగుల ఎత్తున కట్టిన గుడ్డ నీడ పదకొండు అడుగులు తూర్పుకి జరిగిపోతుంది. పదడుగుల గుడ్డ కింద పీట వేసుకుని కూర్చుంటే పూర్తిగా ఎండలో కూర్చున్నట్టే, నీడ పక్కింటి ట్యాంకుకి పడుతుంది. అందుకే పడమర వైపు మూలలు కిందికి ఉండాలి, లేదా పడమరన మెట్ల గది గోడ అడ్డం ఉండేలా చోటు ఎంచుకోవాలి. ఈ సంగతి ఏ వెల్డర్‌కీ తెలియదు. ఏ గంటకి ఏ మూల కూర్చుంటామో మనకే తెలుసు. కాబట్టి గుంజ చోటు చెప్పాల్సింది మనమే.

"రెండు నెలల ఎండకి ఇంత ఖర్చా?" అంటారు. ఆ రెండు నెలలే మన పని నెలలు. ఏడాదంతా తినే పచ్చడీ వడియాలూ ఆ రెండు నెలల్లోనే తయారవుతాయి. "తెల్ల పెయింటు వేయిస్తే సరిపోదా?" అని మా ఆయన కూడా అడిగారు. 2023 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పటి నుంచి ఆ మాట బాగా వినిపిస్తోంది, మంచిదే. కప్పు కింద గది చల్లబడుతుంది. కానీ కప్పు పైన నిలబడ్డ మనిషికి పైనుంచి ఎండ అలాగే ఉంటుంది, కింద తెలుపు మీంచి తిరిగొచ్చే వెలుగు కళ్ళలో పడుతుంది. గదికి పెయింటు, మనిషికి పందిరి. ఒకటి చేశామని రెండోది ఎగ్గొట్టడానికి లేదు.

"అపార్ట్‌మెంట్ కదా, డాబా మనది కాదు కదా" అనేది మాత్రం నిజమైన చిక్కే. డాబా అందరిదీ, అందరి ఒప్పుదలా కావాలి. కానీ అసోసియేషన్ మీటింగులో కార్ల పార్కింగ్ గురించి రెండు గంటలు మాట్లాడతారు కదా, బట్టలారేసే చోట నీడ గురించి పావుగంట మాట్లాడమనండి. వెళ్ళేది మగవాళ్ళే అయితే ఈసారి మీరు వెళ్ళండి. నలుగురు కలిస్తే ఒక్కొక్కరికి ఖర్చు కూడా తగ్గుతుంది.

డబ్బు తక్కువుంటే గుడ్డలో తగ్గించుకోండి, గుంజలో వద్దు. సన్న నెట్టు రెండేళ్ళకి చీకిపోతే మళ్ళీ కొనుక్కుంటాం. ట్రూప్ బజార్‌కి వెళ్తే మంచి కొక్కేలు, బిగించే స్క్రూలు దొరుకుతాయి, వాటి దగ్గరా బేరం చూసుకోవద్దు. గుంజలకి సరిపడా లేకపోతే ఈ ఏడాది రెండు గుంజలు పాతించి, వచ్చే ఏడాదికి గుడ్డ పెట్టుకోండి. గుంజలు ఒంటరిగా నిలబడి ఉన్నా ఎవరికీ హాని లేదు, బట్టల తీగ కట్టుకోవచ్చు. గుంజలు లేని గుడ్డే ప్రమాదం.

చివరగా ఒక సంగతి, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. ఎంత గట్టి గుంజలైనా పెద్ద గాలి ముందు గుడ్డ విప్పెయ్యాలి. మరి విప్పేదెవరు? మబ్బు పట్టగానే "బట్టలు, బట్టలు" అని డాబా మీదికి పరిగెత్తేది ఎవరో మీకు తెలుసు. రేపు "నీడ గుడ్డ, నీడ గుడ్డ" అని కూడా ఆవిడే పరిగెడితే, మనకి నీడ కాదు, ఇంకో చాకిరీ వచ్చినట్టు. పైగా గాలి మొదలయ్యాక, ఊగుతున్న గుడ్డని చేత్తో పట్టుకోబోవడం చాలా ప్రమాదం. ఆరు బస్తాల బలాన్ని ఏ చెయ్యీ ఆపలేదు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ అయిదింటికల్లా, గాలి ఉన్నా లేకపోయినా, గుడ్డ ఒక పక్కకి విప్పి చుట్టి కట్టెయ్యాలి. ఆ పని ఇంట్లో నీడ కింద పని చెయ్యనివాళ్ళది. పదో తరగతి చదివే అబ్బాయికి కొక్కెం విప్పడం నేర్పితే రెండు రోజుల్లో వచ్చేస్తుంది. గుంజలు పాతించేముందే ఇంట్లో కూర్చుని ఈ ఒప్పందం చేసుకోండి. పాతించాక అడిగితే ఎవరూ వినరు.

ఇంటికొచ్చిన వెల్డర్ "రంగేం కావాలమ్మా?" అని అడిగితే, ముందు పిల్లర్ ఎక్కడుందో చూపించమనండి.